పార్లమెంటు ప్రశ్న: గడిలో అంకె, సభలో మాట

పార్లమెంటు సమావేశాలు నడుస్తున్నన్నాళ్లూ మన ఆఫీసులకు ఒక రకం మెయిల్ వస్తూనే ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌లో 'పార్లమెంటు ప్రశ్న – అత్యవసరం' అని ఉంటుంది. కింద ఒక ఎక్సెల్ షీటు, అందులో నాలుగైదు గడులు, 'ఈ రోజు మధ్యాహ్నం మూడింటిలోగా పంపండి, లేకపోతే నిల్ అని రాయండి' అని ఒక వాక్యం. కౌంటర్ దగ్గర రద్దీ, పక్కన ఆడిటర్, మోగుతున్న ఫోను. వీటి మధ్య దాన్ని తెరిచినవారికి అది మరో రిటర్న్ మాత్రమే. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో, నింపిన గడి చివరికి ఎక్కడికి చేరుతుందో ఆ మెయిల్ చెప్పదు. సూరత్ వచ్చాక మరమగ్గాల సబ్సిడీ క్లెయిములనీ, ముద్రా రుణాలనీ ఇలాంటి షీట్లు నా టేబుల్ మీదుగా చాలానే వెళ్లాయి. కొత్తగా చేరిన ఆఫీసర్లు అడిగినప్పుడు చెప్పే సంగతులే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎంపీలు అడిగే ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వస్తాయి. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం సభకు సమర్పిస్తే చాలు, అనుబంధ ప్రశ్నలుండవు. టీవీలో కనిపించేది మొదటిది. లోక్‌సభలో అలాంటివి రోజుకు 20, రాజ్యసభలో 15. సభ వాయిదా పడితే వాటిలో చాలావరకు నోటితో చెప్పే అవకాశమే రాదు. రెండో రకం లోక్‌సభలో రోజుకు 230 దాకా, రాజ్యసభలో 160 దాకా ఉంటాయి. వీటి గురించి ఎవరూ అరవరు, ఎవరూ బల్లలు చరచరు. కానీ అంకెలన్నీ ఉండేది ఇక్కడే.

ప్రశ్న అడగడానికి నియమాలున్నాయి. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, నింద ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితమైన విషయం అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్నదాన్ని అడగకూడదు. వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీసి వరుస నిర్ణయిస్తారు. మంత్రిత్వ శాఖలకు వారంలో రోజులు కేటాయించి ఉంటాయి. ఆర్థిక శాఖ వంతు సాధారణంగా లోక్‌సభలో సోమవారం, రాజ్యసభలో మంగళవారం. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయలుదేరే వేళకే ఆ మెయిల్ ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది!

ప్రశ్న ఆర్థిక సేవల విభాగానికి చేరుతుంది. అక్కడి నుంచి రిజర్వ్ బ్యాంకుకో నాబార్డ్‌కో బ్యాంకుల ప్రధాన కార్యాలయాలకో, అక్కడి నుంచి జోనల్ ఆఫీసుకు, చివరికి బ్రాంచికి వస్తుంది. జవాబు అదే దారిలో పైకి వెళ్తుంది, ప్రతి మెట్టు దగ్గరా అంకెలు కూడుతూ. చివరి కాగితం మంత్రి పేరు మీద సభ ముందుకు వెళ్తుంది. ఆ తర్వాత తప్పని తేలితే మంత్రి సవరణ ప్రకటన చేయాలి. కావాలని తప్పుదోవ పట్టించారని తేలితే అది సభాహక్కుల ఉల్లంఘన.

సమాచార హక్కు చట్టం ఉండగా ఇదంతా ఎందుకని ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే. ఆర్టీఐ పది రూపాయలతో ఎవరైనా వేయొచ్చు, అది దాని గొప్పతనం. కానీ దానికి జవాబిచ్చేది ఒక సంస్థలోని ఒక అధికారి. పన్నెండు ప్రభుత్వ రంగ బ్యాంకుల లెక్క కావాలంటే పన్నెండు దరఖాస్తులు, పన్నెండు రకాల జవాబులు. పార్లమెంటు ప్రశ్నకు ఒకే సమాధానం వస్తుంది, అది ప్రభుత్వం తన మాటగా ఒప్పుకున్న అంకె. రేపు పత్రికలో అయినా కోర్టులో అయినా 'ఇది మీరు చెప్పిందే కదా' అని చూపించవచ్చు.

మన రంగానికే చెందిన పాత ఉదాహరణ ఒకటుంది. 1957 సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో ఎల్ఐసీ పెట్టుబడుల గురించి ఒక ప్రశ్న వేశారు. జవాబు దాటవేతగా వచ్చింది. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ దాన్ని అందుకుని, హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల్లో ఎల్ఐసీ దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయలు ఎలా పెట్టిందో నిలదీశారు. ఆయన అధికార పక్షం సభ్యుడు, పైగా ప్రధానికి అల్లుడు. చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఎల్ఐసీ పుట్టి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

అన్ని ప్రశ్నలూ అలా మంత్రులను దించవు, దించనక్కర్లేదు. లిఖితపూర్వక ప్రశ్న పని ఎక్కువసార్లు ఒక లెక్కను బయటికి తీయడమే. అది ఎప్పుడు బయటికి వస్తుంది, ఎప్పుడు రాదు అన్నదానికి 2020 సెప్టెంబరు కంటే మంచి పాఠం నాకు తెలీదు. సూరత్‌లో ఉన్నవాళ్లకు అది పాఠం మాత్రమే కూడా కాదు.

ఈ ఊరు వలస కార్మికుల చేతుల మీద నడుస్తుంది. మరమగ్గాల మీద ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు, వజ్రాల పనిలో సౌరాష్ట్ర వాళ్లు, అద్దకం మిల్లుల్లో యూపీ, బిహార్ వాళ్లు. తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు కూడా తక్కువేమీ కాదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోందంటే మనవాళ్లు ఎందరున్నారో ఊహించుకోవచ్చు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, కూలి ఆగింది. 2020 ఏప్రిల్ 10 రాత్రి లస్కానాలో కార్మికులు రోడ్డెక్కారు. జీతాలివ్వండి, మమ్మల్ని ఇంటికి పంపండి అన్నదే వాళ్ల మాట. మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ వెంటనే సూరత్ నుంచి ఒడిశాకు రైళ్లు మొదలయ్యాయి. రైలు దొరకనివాళ్లు నడిచారు, లారీలెక్కారు. దారిలో చనిపోయినవాళ్లున్నారు.

సెప్టెంబరులో పార్లమెంటు కూడింది. కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు, లిఖితపూర్వక ప్రశ్నలను మాత్రం ఉంచారు. 14వ తేదీన లోక్‌సభలో కార్మిక శాఖకు ఒక ప్రశ్న వచ్చింది. ఇళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని. అలాంటి సమాచారం లేదు, కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదు అన్నది సమాధానపు సారాంశం. దాదాపు కోటీ 4 లక్షల మంది సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారన్న లెక్క మాత్రం అదే శాఖ దగ్గర ఉంది.

అదే వారంలో, 18వ తేదీన, రాజ్యసభలో రైల్వే శాఖ సమాధానం వచ్చింది. డెరెక్ ఓబ్రయన్ అడిగింది శ్రామిక్ రైళ్లలో జరిగిన మరణాల గురించి. రాష్ట్ర పోలీసులు ఇచ్చిన సమాచారం ప్రకారం సెప్టెంబరు 9 వరకు 97 మంది చనిపోయారని రైల్వే చెప్పింది. 87 మృతదేహాలను పోస్టుమార్టానికి పంపారు, 51 నివేదికలు అందాయి. రైళ్లు 4,621, ప్రయాణికులు 63 లక్షలకు పైగా.

రెండు ప్రశ్నలూ ఒకే దుఃఖం గురించినవి. ఒకదానికి శూన్యం, ఒకదానికి 97. తేడా ఎక్కడుంది? మొదటి ప్రశ్న దేశంలోని రోడ్లన్నిటినీ కలిపి, ఆ లెక్క ఎప్పుడూ రాసుకోని శాఖను అడిగింది. రెండోది ఒక గీత గీసింది: ఫలానా రైళ్లు, ఫలానా తేదీలు. రైలు బోగీలో మనిషి చనిపోతే రైల్వే పోలీసుల దగ్గర కాగితం పుడుతుంది. జాతీయ రహదారి పక్కన చనిపోతే ఆ కాగితం ఏదో ఒక స్టేషన్లో 'రోడ్డు ప్రమాదం' కింద చేరిపోతుంది, 'వలస కార్మికుడు' అన్న గడి అందులో ఉండదు. కాగితం పుట్టిన చోటే అడిగితే జవాబు వస్తుంది.

అలాగని మొదటి ప్రశ్న వృథా అని నేననను. 'మా దగ్గర లెక్క లేదు' అని ప్రభుత్వం చేత రాతపూర్వకంగా చెప్పించడం కూడా ఒక ఫలితమే. ఆ మాట మీద దేశమంతా చర్చ జరిగింది. వలస కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్‌లో గడువు పెట్టింది, ఆగస్టు 26న అసంఘటిత కార్మికుల నమోదుకు ఇ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. ఇప్పుడు అందులో 30 కోట్లకు పైగా పేర్లున్నాయి. అంతా ఆ ఒక్క ప్రశ్న వల్లే అనలేం. కానీ లెక్క లేదన్న ఒప్పుకోలు లేకుండా లెక్క మొదలవడం కష్టం.

మన రంగంలో జవాబు రాని ప్రశ్నలకు ఇంకో గోడ ఉంది. ఫలానా ఖాతాదారు ఎంత బాకీ అని అడిగితే, రిజర్వ్ బ్యాంక్ చట్టం సెక్షన్ 45ఇ ప్రకారం రుణ సమాచారం గోప్యం అన్న సమాధానం వస్తుంది. మొత్తం రద్దు చేసిన రుణాలెన్ని, బ్యాంకులవారీగా ఎన్ని అని అడిగితే పట్టిక వస్తుంది. ఇక 'సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం' అన్న జవాబు తప్పించుకోవడానికి వీలైనదిగా కనిపిస్తుంది గానీ, నిజానికి అది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. లోక్‌సభలో 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఈ పద్దు చూస్తోంది. గడువు పొడిగింపులు అడగడం మామూలే, కానీ పద్దు మూసుకోదు. మన సస్పెన్స్ ఖాతా ఎంట్రీలాగే అనుకోండి.

పట్టిక బయటికొస్తే ఏమవుతుందో మనం దగ్గరగా చూశాం. 2024 జూలైలో లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, సేవింగ్స్ ఖాతాల్లో కనీస నిల్వ లేనందుకు ప్రభుత్వ రంగ బ్యాంకులు 2019-20 నుంచి అయిదేళ్లలో దాదాపు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేశాయి. స్టేట్ బ్యాంక్ 2020లోనే ఆ వసూలు మానేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్, బరోడా బ్యాంకులు సాధారణ సేవింగ్స్ ఖాతాలకు దాన్ని ఎత్తేశాయి. పోటీ, డిపాజిట్ల అవసరం కూడా కారణాలే. కానీ విడివిడిగా వందా రెండొందలుగా పోయే డబ్బు ఒక్క చోట వేల కోట్లుగా కనబడ్డాక దాన్ని సమర్థించడం ఎవరికైనా కష్టమే.

ఇక మన గడి సంగతి. 'నిల్' అంటే సున్నా. లెక్కపెట్టాం, ఏమీ లేదు అని అర్థం. 'సమాచారం అందుబాటులో లేదు' అంటే లెక్కపెట్టలేదు అని. షీటులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, పైకి వెళ్లి కూడికలో పడ్డాక తేడా పూర్తిగా మాయమవుతుంది. పెండింగ్ సబ్సిడీ క్లెయిములు ఎన్ని అన్నదానికి ఫైలు తెరవకుండా నిల్ పెడితే, మగ్గం మీద అప్పు తీసుకుని సబ్సిడీ కోసం చూస్తున్న మనిషి సభ ముందున్న పట్టికలో లేకుండా పోతాడు. అతని తరఫున అడిగిన ఎంపీకి 'పెండింగ్ ఏమీ లేదు' అన్న జవాబు దక్కుతుంది. టైము చాలకపోతే 'పరిశీలనలో ఉంది' అని రాసి పంపండి. పైనుంచి ఫోన్ వస్తుంది, రానివ్వండి.

బయటివాళ్లు, ముఖ్యంగా నేత సంఘాల వాళ్లు, ఎంపీ చేత ప్రశ్న వేయించడం ఎలా అని అడుగుతుంటారు. నేను చెప్పేది ఇంతే: ఏ శాఖ దగ్గర రికార్డు ఉందో ముందు కనుక్కోండి, ఏడాది, జిల్లా, పథకం పేరు రాయండి, 'ప్రభుత్వం నిర్లక్ష్యం చేస్తోందా' లాంటి మాటలు తీసేయండి, అంకె అడగండి. మీ నియోజకవర్గం ఎంపీయే కానక్కర్లేదు, ఆ విషయం మీద ఆసక్తి ఉన్న ఏ సభ్యుడైనా అడగవచ్చు. (మనం మాత్రం మన బదిలీల కోసం ఈ దారి తొక్కకూడదు. ప్రవర్తనా నియమావళి ఆ విషయంలో చాలా స్పష్టంగా ఉంది.)

సమాధానాలన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. మెయిల్‌లో ప్రశ్న సంఖ్య ఉంటే దాన్ని రాసి పెట్టుకుని, ఆ సోమవారమో మంగళవారమో సాయంత్రం వెతికి చూడండి. అనుబంధంలో గుజరాత్ ఎదురుగా ఉన్న అంకెలో మీరు పంపింది కూడా కలిసి ఉంటుంది.