ఎండవానలలో ఫుట్‌బాల్ ఆటకు ఛాయాచిత్రములు

ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ ఆట యనగానే మన విద్యార్థులకు మాంచెస్టరు, లివర్‌పూల్ మొదలగు నగరముల గొప్ప జట్లే స్ఫురించును. అచ్చటి ప్రీమియర్ లీగునందు 20 జట్లును, దాని క్రిందనున్న మూడు తరగతులయందు 24 చొప్పున 72 జట్లును గలవు. ఈ 92 జట్లకు వెలుపల చిన్న పట్టణములందును గ్రామములందును ఆడు జట్లు పెక్కు గలవు. వానిని నాన్-లీగు జట్లందురు. 1857వ సంవత్సరమున స్థాపింపబడి, ప్రపంచమునందలి ఫుట్‌బాల్ సంఘములలో మిక్కిలి ప్రాచీనమైనదని పేరొందిన షెఫీల్డు క్లబ్బు నేటికిని ఈ వర్గములోనిదే.

గొప్ప జట్లు ఆడునప్పుడు పత్రికల ఛాయాగ్రాహకులు గుంపులుగా వత్తురు. చిన్న జట్టు పొరుగూరికి ఆడబోవునప్పుడు దానివెంట బోవువాడు తఱచుగా ఒక్కడే. అతడును పెక్కుమారులు జీతములేని అభిమానియే. అతడు తీయని దృశ్యమును మఱియెవ్వరును తీయకపోవచ్చును. ఈ పని యెంత విలువగలదో యొక యుదాహరణముచే దెలియును. రష్డెన్ అండ్ డైమండ్స్ అను జట్టు 1992లో రెండు చిన్న సంఘముల కలయికచే నేర్పడి, 2001లో ఫుట్‌బాల్ లీగునందు స్థానము సంపాదించి, తుదకు ధనాభావముచే 2011లో అంతరించెను. దాని క్రీడాస్థలమైన నీన్ పార్కును తరువాత పడగొట్టిరి. జట్టును లేదు, మైదానమును లేదు. నాటి ఆటలు కంటికి గనబడుట చిత్రములందే.

ఇట్టి చిత్రములు తీయుటలో మొదటి చిక్కు వెలుగు. శనివారపు ఆటలు సామాన్యముగా మధ్యాహ్నము 3 గంటలకు ఆరంభమగును. డిశెంబరు నెలలో ఆ దేశమున 4 గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. కావున ఆట పగటివెలుగున మొదలై విద్యుద్దీపముల క్రింద ముగియును. ఈ నడుమ అట్లాంటిక్ సముద్రమునుండి వచ్చు గాలులు మబ్బును, జల్లును, మరల నెండను ఒకదానివెంట నొకటిగా తెచ్చుచుండును.

చిత్రపు వెలుగును నిర్ణయించునవి మూడు. కటకరంధ్రము వెలుగు వచ్చు ద్వారము. దాని యంకె తగ్గినకొలది ద్వారము పెద్దదగును. షట్టరు ఆ ద్వారము తెఱచియుండు కాలమును నిర్ణయించును. ఐ.ఎస్.ఓ. అనునది వెలుగునకు కెమెరా చూపు స్పందన. పరుగిడు ఆటగానిని స్ఫుటముగా జూపుటకు సెకనులో 500వ వంతైనను, బంతిని తన్ను క్షణమునకు 1000వ వంతును కావలయును.

నిండుటెండలో ఐ.ఎస్.ఓ. 400గాను, రంధ్రము ఎఫ్/4గాను ఉన్నచో సెకనులో 6400వ వంతు చాలును. దట్టమైన మబ్బు క్రమ్మినచో వెలుగు ఇంచుమించుగా ఎనిమిదవ వంతునకు దిగును. అప్పుడు 800వ వంతు పట్టును. చీకటిపడిన పిదప చిన్న మైదానపు దీపములక్రింద రంధ్రమును ఎఫ్/2.8 వఱకు తెఱచి 500వ వంతున తీయదలచినను, ఐ.ఎస్.ఓ.ను 6400 గాని అంతకు మించి గాని పెంచవలసివచ్చును. అప్పుడు చిత్రమున ఇసుక చల్లినట్లు గరుకు కనబడును. దానికి వెఱవరాదు. గరుకైన చిత్రములో ముఖమును గుర్తింపగలము. కదలి చెదరిన చిత్రములో గుర్తింపలేము. మబ్బులు పరుగిడుచున్నంతసేపు రంధ్రమును షట్టరును మనమే నిర్ణయించి, ఐ.ఎస్.ఓ.ను కెమెరాకే విడుచుట మేలు.

రెండవ చిక్కు తెలియని మైదానము. గంటసేపు ముందుగా జేరి, ఆతిథ్యమిచ్చు సంఘమువారి యనుమతి పొంది, సూర్యుడెటు దిగునో, గాలి యెటనుండి వీచునో చూచుకొనవలయును. ఇంగ్లండులో చలికాలపు సూర్యుడు నైరుతిమూలన అస్తమించును. వానగాలియు తఱచుగా ఆ మూలనుండియే వచ్చును. ఆ మూలకు వీపు పెట్టి నిలిచినచో ఆటగాండ్ర ముఖములమీద వెలుగు పడును, కటకముమీద చినుకు పడదు. ఒక్క యుపాయమున రెండు లాభములు! తమ జట్టు ఏ గోలువైపునకు దాడి సల్పునో, ఆ గీతవెనుక ప్రక్కగా చిన్న పీటమీద గూర్చుండుట యుత్తమము. విరామానంతరము జట్లు దిక్కులు మార్చుకొనును గనుక ఛాయాగ్రాహకుడును మారవలయును.

కెమెరాకు ప్లాస్టికు తొడుగును, రెండు మూడు పొడిగుడ్డలును ఉండవలెను. చలికి బ్యాటరీ బలము తగ్గును. వేఱొకదానిని లోపలిజేబులో వెచ్చగా నుంచుకొనవలయును. వెచ్చని గదిలోనికి రాగానే చల్లని కటకముమీద ఆవిరి పేరుకొనును. కెమెరా గది వేడిమికి వచ్చువఱకు సంచిని విప్పరాదు.

బంతిని మాత్రమే వెంబడించుట చాలదు. బురదలో దొరలిన గోలుకీపరును, కమ్మీ నానుకొని ఒక్క గొడుగుక్రింద నిలిచిన నలుగురు అభిమానులను, ఓడినను ఎదుటివారికి కరచాలనము చేయు నాయకుని కూడ చిత్రింపవలయును. గెలుపులను మాత్రమే దాచిన చరిత్ర సగము చరిత్ర. ఆటకు ముందే ఆటగాండ్ర పట్టికను వ్రాసికొని, ప్రతి చిత్రమునకు పేరును, తేదీని, స్థలమును చేర్చవలయును. పేరులేని ముఖము ఇరువదియేండ్లలో పొడుపుకథయగును.

మన పాఠశాల జట్లు పొరుగూరికి బోవునప్పుడును ఇట్లే చేయవలెను. నేడు చేతిలోని ఫోనుతోనైనను ఇది సాధ్యమే. ఆడినవారి శ్రమ తొంబది నిమిషములలో ముగియును. దానిని రేపటివారికి అందించు శ్రమ మాత్రము చూచుచున్న వారిలో నెవ్వరో యొకరు పూనుకొనవలసినదే.