ఇటుక విసిరితే రత్నం

పిల్లలూ, చైనాలో ఒకరింటికి భోజనానికి వెళ్ళి, "వంట అమృతంలా ఉందండీ!" అని మెచ్చుకున్నారనుకోండి. ఆ ఇల్లాలు "నాలీ, నాలీ!" అంటుంది. అంటే "ఎక్కడ, ఎక్కడ?" అని. మీరు కంగారుపడి బల్లకింద వెతకనక్కరలేదు! "అంత గొప్ప ఎక్కడుంది లెండి" అనడమన్నమాట. ఇప్పటి కుర్రకారు చాలామంది మాత్రం "కృతజ్ఞతలు" అని ఊరుకుంటున్నారు.

పెద్దల సభల్లో ఇంకా చమత్కారమైన మాట వినబడుతుంది. మొదట మాట్లాడేవాడు, "నేనొక ఇటుక విసిరి జేడ్‌ను రప్పిస్తాను" అంటాడు. జేడ్ ఒక రత్నం. బంగారానికి వెల ఉంది గాని జేడ్‌కు వెల లేదని చైనావారి సామెత. "నావి ఇటుకముక్కలు, నా తరవాత మీరు చెప్పేవి రత్నాలు" అని అతని భావం.

దీనికొక కథ ఉంది. టాంగ్ చక్రవర్తుల కాలంలో చాంగ్ జియన్ అనే కవికి జావ్ గూ కవిత్వమంటే ప్రాణం. జావ్ గూ సూజో నగరంలోని లింగ్‌యన్ ఆలయం చూడవస్తున్నాడని తెలిసి, చాంగ్ జియన్ ముందే వెళ్ళి గోడమీద పద్యంలో రెండు పాదాలే వ్రాసి వచ్చాడు. సగం పద్యం చూసిన కవి ఊరుకోగలడా? జావ్ గూ తక్కిన రెండు పాదాలూ పూర్తిచేశాడు. అవి మొదటివాటికన్నా ఎంతో బాగున్నాయి! కథ బాగానే ఉంది గాని, నిజానికి జావ్ గూ ఇంచుమించు నూరేళ్ళ తరవాతివాడు!

ఇక అసలు సంగతి. ఈ మాట ఎవరిని గురించి వారే చెప్పుకోవాలి. "తమరు విసిరిన ఇటుక బాగుంది" అన్నామో, తిట్టినట్టే! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, వార్షికోత్సవంలో వందన సమర్పణ చేస్తూ ఒక కుర్రవాడు, "హెడ్మాస్టరుగారు ఉడతాభక్తిగా ఉపన్యసించారు" అన్నాడు. సభంతా గొల్లుమంది. పాపం, వాడి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తప్పు వాడిది కాదు. ఉడతాభక్తికి అర్థం చెప్పిన నేను, ఆ మాట ఎవరిని గురించి ఎవరనాలో చెప్పలేదు.

"లూ బాన్ గుమ్మంలో గొడ్డలి ఝళిపించడం" కూడా ఇటువంటిదే. లూ బాన్ సుమారు 2,500 ఏళ్ళ క్రిందటి వడ్రంగి. చైనా వడ్రంగులు ఆయనను తమ మూలగురువుగా కొలుస్తారు. తనను గురించి అనుకుంటే, "ఇంత తెలిసిన మీ ఎదుట నేనా!" అని వినయం. ఎదుటివాణ్ణి అంటే, "నీ మిడిసిపాటు చాలించు" అని చీవాట్లు.

ఇళ్ళ సంగతీ అంతే. మేడలో ఉండేవాడైనా మర్యాదకు "మా చలిగుడిసెకు దయచేయండి" అంటాడు. మీరు మాత్రం ఆ ఇంటినే "తమ భవనం" అనాలి.