వెనిలా ముక్క కొనే ముందు...

హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి దుకాణాల్లో దొరికే వెనిలా ఎసెన్సు చాలావరకు ఫ్యాక్టరీలో చేసిందే. అసలుది మెక్సికోలో పుట్టిన తీగ కాయలది. ధర బాగా పలుకుతుందని తీగ ముక్కలు అమ్మవస్తే తొందరపడకండి.

ఈ తీగను విత్తుతో కాదు, ముక్కలు నాటి పెంచుతారు. అందుకే తోటలో మొక్కలన్నీ దాదాపు ఒకే తల్లి బిడ్డలు. ఒకదానికి వేరుకుళ్లు సోకితే అన్నీ పోవచ్చు.

అడవి జాతుల్లో మాత్రం వైవిధ్యం ఉంది. దక్షిణాది అడవుల్లో ఆకుల్లేని వెనిలా వైటియానా పెరుగుతుంది. తెగులు తట్టుకునే గుణం కోసం కోళిక్కోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ సాగు తీగను వెనిలా అఫిల్లా అనే అడవి జాతితో సంకరపరిచింది.

తల్లితోటను కళ్లారా చూశాకే ముక్కలు కొనండి. కుళ్లు కనబడితే ముట్టుకోవద్దు. నీడ, తేమ లేని పొలంలో అసలు వేయకండి. అడవి తీగ కనిపిస్తే నరకకండి.