పాత మనుషుల కథ ఇప్పుడెందుకు మారుతోంది?

ఎప్పుడో జరిగిపోయిన కథ కదా, పుస్తకాల్లో ఇప్పుడెందుకు మార్చి రాస్తున్నారు? మంచి అనుమానమే!

విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చిన బియ్యం బస్తాలు చూశారా? అడుగు బస్తా ముందొచ్చింది, పైది తర్వాతొచ్చింది. ఎవరూ కదపకపోతే నేల పొరలూ అంతే.

నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఆ పొరల మధ్య బూడిద ఉంది. మన ఊరి బూడిద కాదండోయ్! సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం బద్దలైతే, సముద్రం దాటి వచ్చి పడింది. ఆ దెబ్బకు మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని కొందరు శాస్త్రవేత్తలు అనేవారు. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియాల బృందం తవ్విచూస్తే బూడిద కింద రాతి పనిముట్లు, పైనా ఇంచుమించు అలాంటివే! 2007లో ఈ సంగతి ప్రకటించారు. అంటే ఇక్కడివాళ్లు బతికి బట్టకట్టారని ఆ బృందం వాదన. వాళ్లు అచ్చం మనలాంటి మనుషులేనా? ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు, అందుకే వాదన తెగలేదు.

మరి ఎముక దొరికితే? మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో 1961లో గనిలో ఒక పుర్రె బయటపడింది. 40,000 ఏళ్ల నాటిదనుకున్నారు. కాలిన రాయిలో ఏళ్లు గడిచేకొద్దీ కొంత శక్తి పోగవుతుంది. వేడిచేసి దాన్ని కొలిస్తే రాయి కాలి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. అక్కడ మళ్లీ తవ్వి, ఎముకలున్న పొరలోని అలాంటి రాళ్లను కొలిచి, 2017లో సుమారు 3 లక్షల ఏళ్లని తేల్చారు. అప్పటిదాకా మన మనుషుల జాతి వయసు 2 లక్షల ఏళ్లే అనుకునేవారు!

ఎముక దొరికినా వాదన తెగకపోవచ్చు. మన నర్మదా తీరాన హత్నోరాలో 1982లో దొరికిన పుర్రె ఏ రకం మనిషిదో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.