సీవీలో మొదటి ముప్పై మాటలు

ఉద్యోగానికి పంపిన సీవీని అవతలివాళ్లు ఎంతసేపు చూస్తారు? అమెరికాలో ద ల్యాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్, రిక్రూటర్ల (కంపెనీకి మనుషులను వెతికి పెట్టేవాళ్లు) కంటి కదలికలను పరికరంతో కొలిచి, 2018లో ఒక లెక్క చెప్పింది: తొలి చూపుకు సగటున 7.4 సెకన్లు. 2012లో అదే సంస్థ చెప్పింది 6 సెకన్లు. ఇది ఒక కంపెనీ సొంత లెక్క, పైగా మన దేశంలో తీసింది కాదు. కాబట్టి దశాంశం పట్టుకుని వేలాడక్కర్లేదు, అంచనాకు పనికొస్తే చాలు.

మరీ ఇంత అన్యాయమా అనిపిస్తుంది. ఒక్కసారి వాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి. ఒక ఖాళీకి 200 సీవీలు వచ్చాయనుకుందాం. ఒక్కోటీ 5 నిమిషాలు చదివితే 1,000 నిమిషాలు, రోజుకు 8 గంటల చొప్పున రెండు పనిదినాలు దాటుతాయి. 7.4 సెకన్ల చొప్పునైతే 25 నిమిషాల్లో అయిపోతుంది. తొలి చూపు వడపోతకే. నిలిచినవాటిని తర్వాత తీరిగ్గా చదువుతారు.

ఆ కాస్త సమయంలో ఎన్ని మాటలు చదవగలరు? ఇంగ్లిష్‌ను మనసులో చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని బెల్జియం పరిశోధకుడు మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చారు. ఆ లెక్కన 7.4 సెకన్లకు 29 మాటలు. పేజీలో 450 మాటలుంటే, కంటపడేది పదిహేనో వంతు.

ఇప్పుడు మన సీవీల్లో పేరు కిందే ఉండే కెరీర్ ఆబ్జెక్టివ్ చూడండి. 'సీకింగ్ ఎ చాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్ వేర్ ఐ కెన్ యుటిలైజ్ మై స్కిల్స్ అండ్ నాలెడ్జ్ ఫర్ ది గ్రోత్ ఆఫ్ ది కంపెనీ అండ్ మైసెల్ఫ్.' సీనియర్ దగ్గర తీసుకున్న ఫార్మాట్‌లో పేరు మార్చినా ఈ వాక్యం మారదు. 24 మాటలు, 6 సెకన్లు. మీ గురించి తెలిసింది సున్నా. నిర్మొహమాటంగా తీసేయండి.

ఆ చోట ఏం రాయాలి? చేసిన పని, అంకెతో. విజయవాడలో అకౌంటెంట్‌గా చేసినవారు 'జీఎస్టీ పనులు చూశాను' అని రాస్తే అది ఎవరైనా రాయగలిగిందే. '12 షాపులకు నెలనెలా జీఎస్టీఆర్-3బీ వేశాను, 18 నెలల్లో ఒక్కసారీ లేట్ ఫీజు పడలేదు' అంటే యజమానికి డబ్బు కనిపిస్తుంది. గడువు దాటితే, పన్ను కట్టాల్సిన రిటర్నుకు రోజుకు 50 రూపాయలు. 12 షాపులకు పది రోజులు ఆలస్యమైతే 6,000. ఆ గండం మీ చేతిలో రాలేదని ఒక్క వరుసలో చెప్పారన్నమాట. అంకె నిజమైనదే కావాలి సుమా, ఇంటర్వ్యూలో మొదట దాన్నే లాగుతారు.

'నేను ఫ్రెషర్‌ని, నాకు అంకెలెక్కడివి?' అంటారా? ప్రాజెక్టు ఉంది కదా. నలుగురి టీములో మీరు చేసిన భాగమేది, ఎన్ని వారాలు పట్టింది, ఎంతమంది వాడి చూశారు? 'టీమ్ ప్లేయర్' అన్న మాటకన్నా ఇది నమ్మకంగా ఉంటుంది.

మార్కుల దగ్గర మాత్రం జాగ్రత్త. 6.4 సీజీపీఏను సీబీఎస్‌ఈ ఒకప్పటి పదో తరగతి పద్ధతిలో 9.5తో గుణిస్తే 60.8 శాతం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 సూత్రం ప్రకారం 0.5 తీసేసి 10తో గుణిస్తే 59. కంపెనీ 60 శాతం అడిగినప్పుడు మొదటి లెక్క వేసుకుంటే, సర్టిఫికెట్లు సరిచూసే రోజున దొరికిపోతారు. మీ యూనివర్సిటీ సూత్రమే వాడండి, లేదా సీజీపీఏనే ఉన్నదున్నట్టు రాయండి.

తండ్రి పేరు, పెళ్లయిందీ లేనిదీ, ఆధార్ నంబరు, చివర్లో సంతకంతో డిక్లరేషన్: అడిగితే తప్ప వద్దు. అవి తీసేస్తే ఫ్రెషర్ సీవీ ఒక పేజీలో సరిపోతుంది. పదేళ్లు పనిచేసినవారికి రెండు పేజీలైనా తప్పులేదు.

మనిషి కన్నా ముందు ఏటీఎస్ చూస్తుందట కదా? అది వచ్చిన దరఖాస్తులను చదివి, వర్గాలుగా సర్దే సాఫ్ట్‌వేర్. రెండు నిలువు వరుసలు, టేబుళ్లు, బొమ్మలో ఇరికించిన ఫోన్ నంబరు దాన్ని తికమక పెట్టవచ్చు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు: పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంపెనీ పేరు ఒకచోట, తేదీలు ఇంకోచోట పడితే, యంత్రానికీ అలాగే కనిపించే అవకాశం ఉంది. రంగుల టెంప్లేటు వదిలి, ఒకే నిలువు వరుసలో మళ్లీ టైప్ చేసుకోండి. ఫైలుకు 'రెస్యూమ్ ఫైనల్ న్యూ 2' అని కాకుండా మీ పేరు, ఆ ఉద్యోగం పేరు పెట్టి పంపండి.