ఇడ్లీ కుదిరితే... గెలిచినట్టే!

ఇడ్లీలు వెయ్యాలి. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంది. కానీ పాతబడి చిరిగిపోయింది. అక్షరాలు సగం చెరిగిపోయాయి. పిండి ఎప్పుడు పొయ్యాలి, రేకులు ఎలా పేర్చాలి... అన్నీ మనమే ఊహించుకోవాలి. కుదిరితే వేడివేడి ఇడ్లీలు. కుదరకపోతే మళ్లీ మొదటికే!

ఇదేదో వంటల పోటీ కాదు, వీడియో గేమ్. పేరు 'వెణ్‌బా'. 2023లో కెనడాలోని టొరంటోలో ఓ చిన్న బృందం తయారుచేసింది. 1980ల్లో కెనడా వెళ్లి స్థిరపడిన వెణ్‌బా, పావలన్ అనే తమిళ దంపతుల కథ ఇది. కొడుకు కవిన్ పెరిగేకొద్దీ అమ్మ భాషకీ, అమ్మ వంటకీ దూరమవుతాడు. పెద్దయ్యాక అదే పుస్తకం ముందేసుకుంటే... తమిళం చదవలేక తడబడతాడు. విదేశాల్లో మనవలున్న తెలుగిళ్లకు ఆ బాధ వేరే చెప్పాలా! 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి ఈ ఆటకే దక్కింది.

ఎవరీ 'ఇండీ'లు?

వీడియో గేమ్ అనగానే తుపాకులూ కార్ల రేసులూ గుర్తొస్తాయి. అందుకు కారణం లేకపోలేదు. పెద్ద కంపెనీలు ఒక్కో గేమ్ మీద వందల కోట్లు పెడతాయి. వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తారు. అంత డబ్బు పెట్టాక కొత్త ప్రయోగమంటే ఎవరికైనా భయమే. అందుకే హిట్టయిన ఆటకే రెండో భాగం, మూడో భాగం... అచ్చం పెద్ద హీరోల సినిమాల్లాగే!

ఆ కంపెనీల నీడ లేకుండా ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి సొంతంగా చేసుకునేవే ఇండిపెండెంట్ గేమ్స్. ముద్దుగా 'ఇండీ' అంటారు. ఒకప్పుడు గేమ్ తయారుచేసినా దాన్ని డిస్కులకెక్కించి దుకాణాలకు చేర్చడం సామాన్యులకు సాధ్యమయ్యేది కాదు. 'స్టీమ్' లాంటి ఆన్‌లైన్ దుకాణాలూ, 'గోడో' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లూ వచ్చాక ఆ గోడ కూలిపోయింది. 2017 నుంచి వంద డాలర్లు కట్టి ఎవరైనా స్టీమ్‌లో తమ ఆటను అమ్మకానికి పెట్టుకునే వీలొచ్చింది. దాంతో జీవితంలో జరిగే ప్రతిదీ ఆటకు ముడిసరకైపోయింది.

ముద్ర వెయ్యాలా, వద్దా?

లూకస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్'లో మనం ఓ సరిహద్దు చెక్‌పోస్టు ఉద్యోగులం. పాస్‌పోర్టులు చూడటం, ముద్ర వెయ్యడం... ఇంతే పని. తప్పులు ఎక్కువైతే జీతంలో కోత. కోత పడితే ఇంట్లో వాళ్లకు తిండీ మందులూ కరవు. ఇంతలో ఓ భర్త వస్తాడు. కాగితాలు సరిగ్గానే ఉంటాయి. వెనకే వచ్చిన భార్యకు మాత్రం అనుమతి పత్రం ఉండదు. ఇప్పుడేం చెయ్యాలి? తూటా పేల్చడం కన్నా ఆ ముద్ర వెయ్యడమే కష్టమనిపిస్తుంది.

ఆస్ట్రేలియా బృందం 2021లో తెచ్చిన 'అన్‌ప్యాకింగ్'లో ఇల్లు మారిన ఓ అమ్మాయి సామాను అట్టపెట్టెల్లోంచి తీసి సర్దాలి. ఆమె ఎక్కడా కనిపించదు. 1997 నుంచి 2018 దాకా ఆమె జీవితాన్ని ఆ వస్తువులే చెబుతాయి. ప్రియుడి ఇంటికి మారినప్పుడు ఆమె డిగ్రీ పట్టాకు గోడమీద చోటు దొరకదు. చివరికి మంచం కిందకు తొయ్యాల్సిందే. ఆ బంధం ఎలాంటిదో ఇక మాటల్లో చెప్పనక్కర్లేదు.

క్యాన్సర్‌తో ఐదేళ్లకే కన్నుమూసిన కొడుకు జోయెల్ జ్ఞాపకంగా ర్యాన్, ఎమీ గ్రీన్ దంపతులు చేసిన ఆట 'దట్ డ్రాగన్, క్యాన్సర్'. 2016లో వచ్చింది. అందులో గెలుపు లేదు. ఓ కుటుంబం పడ్డ వేదన, పెట్టుకున్న ఆశ... అవే ఉన్నాయి.

ఒంటరి సేద్యం

అమెరికాలోని సియాటిల్‌కు చెందిన ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్స్ చదివాడు. పొలం పనుల మీద 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే గేమ్ మొదలుపెట్టాడు. ఓ థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే ఉద్యోగం చేస్తూనే బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామింగ్... అన్నీ ఒక్కడే చేశాడు. నాలుగేళ్లకు పైగా పట్టింది. 2016లో విడుదలైన ఆ ఆట 2024 చివరికి నాలుగు కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది!

అందరి పంటా ఇలా పండదు. ఒక్క 2024లోనే స్టీమ్‌లోకి 18 వేలకు పైగా ఆటలు వచ్చాయి. అంటే రోజుకు దాదాపు 50! ఏళ్ల కష్టం ఎవరి కంటా పడకుండానే మరుగునపడిపోవడం ఇక్కడ మామూలే. పుణెకు చెందిన 'నాడింగ్ హెడ్స్' బృందానికీ ఆ చేదు తెలుసు. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అక్క కథ 'రాజీ' కోసం 2017లో ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా వదల్లేదు. 2020లో ఆటను పూర్తిచేసి ప్రపంచం ముందు పెట్టారు.

ఇండీ అన్నంత మాత్రాన అన్నీ పిల్లలకు తగినవని కాదు. ఏ వయసువారి కోసమో చూసుకునే కొనివ్వాలి. పెద్దలు చెయ్యాల్సిన పని ఇంకొకటీ ఉంది. 'ఎప్పుడూ ఆ ఆటలేనా' అని కసిరేముందు, 'ఏం ఆట అది... ఎవరు చేశారు?' అని పక్కన కూర్చుని అడగాలి. తెరమీద తుపాకీయే ఉండొచ్చు. ఏమో... ఇడ్లీ పాత్రే ఉండొచ్చు!