ఇన్సులిన్ మాట వినని ఒళ్ళు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎలుకలకు పెద్ద వంశచరిత్రే ఉంది. కూనూరులో ఉన్న రోజుల నుంచి, అంటే 1920 నుంచి, అదే వంశాన్ని పెంచుకుంటూ వస్తున్నారు. 1958లో సంస్థ హైదరాబాద్‌కు మారింది. 1990ల్లో ఆ ఎలుకల్లో ఉన్నట్టుండి మహా బొద్దువి కొన్ని పుట్టాయి. వాటికి ఎవరూ కొవ్వు మేపలేదు, జన్యువే మారింది. ఎంత తిన్నా ఆకలి తీరదు, సంతానం కలగదు, రక్తంలో ఇన్సులిన్ బోలెడు. అయినా ఒక రకానికి షుగర్ మామూలుగానే ఉంటుంది! దాని దాయాది రకం మాత్రం గ్లూకోజ్‌ను తట్టుకోలేదు. మనుషుల్లోనూ ఇంతే. కండ, కాలేయం, కొవ్వు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే (దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు) క్లోమం మరింత ఇన్సులిన్ పోసి నెట్టుకొస్తుంది. పరగడుపు షుగర్ ఏళ్ళ తరబడి బాగానే కనిపిస్తుంది.

లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లోనే చెప్పాడు, షుగర్ రోగులంతా ఒక్కటి కాదని. ఇన్సులిన్ ఇస్తే లొంగేవారు కొందరు, లొంగనివారు కొందరు.

ఇక హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల కథ. నాకైతే అన్నిటికన్నా ఇదే ఆశ్చర్యం. 1987–90లో 15 ఊళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ 20 గ్రాముల మాంసకృత్తులున్న అదనపు ఆహారం పెట్టారు. పోల్చి చూడటానికి ఆ ఆహారం అందని ఊళ్ళు మరో 14. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వయసుకు వచ్చాక, మొత్తం 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు. ఒంట్లో కొవ్వూ కండా రెండు రకాల ఊళ్ళ పిల్లలకూ దాదాపు సమానమే. అయినా ఇన్సులిన్ రెసిస్టెన్స్ మాత్రం ఆహారం అందినవాళ్ళకు 20 శాతం తక్కువ! అమ్మ కడుపులో ఉండగా, పలక పట్టకముందు తిన్న తిండి పదిహేనేళ్ళ తర్వాత రక్తపరీక్షలో కనిపించిందన్నమాట. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలు అచ్చువేసింది. అంగన్‌వాడీ గుడ్డును దండగ ఖర్చు అనేవాళ్ళకు ఒక ప్రతి పంపాలనిపిస్తుంది.

కదిలే కండ ఇన్సులిన్ కోసం ఆగదు. గ్లుట్-4 అనే ప్రొటీన్ కణం అంచుకు చేరి గ్లూకోజ్‌ను లోపలికి లాగుతుంది. మామూలుగా దాన్ని ఇన్సులిన్ పిలవాలి. నడుస్తున్నప్పుడు కండ కదలికే పిలుస్తుంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ చుట్టూ పొద్దున వేసిన రౌండ్ల ప్రభావం మర్నాటి దాకా ఉంటుంది. (ఆ తర్వాత ఇరానీ చాయ్‌తో లాగించే ఉస్మానియా బిస్కెట్ల లెక్క వేరే.)

రాత్రి ఏమీ తినకపోయినా తెల్లారేసరికి షుగర్ పెరుగుతుందేం? తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి ఇన్సులిన్‌కు అడ్డం తిరుగుతాయి కాబట్టి. నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. 1999లో షికాగోలో ఆరోగ్యవంతులైన 11 మంది కుర్రాళ్ళను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి పడిపోయింది. అదే అన్నం పగలు తింటే ఒక లెక్క, రాత్రి తింటే ఇంకో లెక్క. రైళ్ళు నిద్రపోని సికింద్రాబాద్‌లో నైట్ డ్యూటీ కుటుంబాలకు ఇది తెలియాలి.

ఈడొచ్చే పిల్లల్లోనూ గ్రోత్ హార్మోన్ వల్ల ఇన్సులిన్ పట్టు కొంత సడలుతుంది, ఎదుగుదల పూర్తయ్యాక మళ్ళీ సర్దుకుంటుంది. అమ్మాయి మెడ వెనక నల్లబడి దళసరిగా అయితే మురికి అనుకుని నలుగు పెట్టి రుద్దే అమ్మలున్నారు. రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ చర్మం మీద చూపించే గుర్తు కావచ్చది, నలుగుకు పోదు. నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో డాక్టర్‌కు చూపించాలి.

గర్భిణిలో ఇన్సులిన్‌ను అడ్డుకునేది మాయ. బిడ్డకు గ్లూకోజ్ అందాలని అది వదిలే హార్మోన్ల వల్ల చివరి నెలల్లో తల్లి ఇన్సులిన్ పట్టు సగానికి పడిపోతుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసేది అందుకే. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భధారణ షుగర్. కాన్పయి మాయ పడిపోగానే చాలామందికి అది తగ్గిపోతుంది. ఆరు వారాలకు మళ్ళీ రమ్మని డాక్టర్లు చెబుతారు, పసిబిడ్డ హడావిడిలో ఆ పరీక్షే వాయిదా పడిపోతుంటుంది.